బడి, పత్రిక, సంత: పెదబయలు ప్రాంతమున విద్యకును, ప్రచారసాధనములకును, వాణిజ్యమునకును గల సంబంధము

విద్య, పత్రిక, వాణిజ్యము అను మూడింటికి గల సంబంధమును గూర్చి ప్రసంగము వచ్చినపుడు సామాన్యముగా రెండభిప్రాయములు వినవచ్చుచుండును. ధనాశ ప్రవేశించినచోట విద్య చెడునని కొందరందురు. ధనము లేనిదే బడి నిలువదు, పత్రిక నడువదు అని మరికొందరందురు. రెండింటను సత్యమున్నది. కాని రెండును పట్టణమును మనసున నుంచుకొని చెప్పిన మాటలు. బడియు, అచ్చుకూటమును, అంగడియు ఒకే వీథిలో నుండి ఒకే భాష మాటాడుచున్నపుడు వాని సంబంధము కేవలము ధనసంబంధముగా కనబడును. మూడును మూడు భాషలు మాటాడుచోట అది భాషాసంబంధముగా బయటపడును; ధనము వెనుకనుండి ఆ భాషలను నిర్ణయించుచుండును. అట్టి చోటు మన రాష్ట్రముననే కలదు. దానిని ఆధారముగా గొని ఈ విషయమును పరిశీలింపదలచితిమి.

పెదబయలు తూర్పుకనుమలలో, పాడేరునుండి ముంచంగిపుట్టునకు పోవు దారిలో నున్నది. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీని ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. మండలమున కొకప్రక్క ఒడిశా రాష్ట్రము. ఈ కొండలనీరు మత్స్యగెడ్డగా ప్రవహించి జలాపుట్టు జలాశయమును చేరుచున్నది. ఊరిపేరు అచ్చతెనుగు. పెద్దదైన బయలు అని ఎవరికైనను తెలియును. పొరుగుననున్న ముంచంగిపుట్టు, జలాపుట్టు మొదలగు పేళ్ళు మాత్రము సరిహద్దున కావలనున్న కోరాపుట్టు వంటి పేళ్ళతో కలియును. ఊళ్ళ పేళ్ళలోనే రెండు భాషల ఎల్ల కనబడుచున్నదన్నమాట.

విశాఖ మన్యమున భగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు, కోటియాలు, కమ్మరులు మొదలగు తెగలవారు కలరు. కోదుల భాష కువి. కొండదొరలలో కొందరు కొండ లేక కుబి అను ద్రావిడభాషను నిలుపుకొనిరి. పెక్కుమంది తెలుగునకు మారిరి. గదబలలో కొందరిది ద్రావిడభాష, కొందరిది ముండాభాష. ఇందరు జనులు ఒకచోట చేరునది వారపుసంత. పసుపు, చింతపండు, పిప్పళ్ళు, వలిసెలు, రాజ్మా, చోళ్ళు, కొండచీపుళ్ళు, అడ్డాకులు కొండలనుండి దిగును. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, నూనె, ఇనుపసామాను మైదానమునుండి ఎక్కును. ఇచట బేరము జరుగు భాష చాలవరకు తెలుగు కాదు, కువి కాదు. ఆదివాసీ ఒరియా అనియు, దేశ్య అనియు పిలువబడుచున్న వ్యవహారభాష. ఒరియాకు చుట్టమైనను పూరీ కటకముల గ్రంథస్థమైన ఒరియా యిది కాదు. తమ యింట వేరువేరు భాషలు మాటాడుకొను తెగలకు ఇది అందరకును చెందిన రెండవభాష.

దీనిని ఏ బడియు నేర్పలేదు, ఏ పత్రికయు వ్యాపింపజేయలేదు. ఇచ్చిపుచ్చుకొనుట వలననే నిలిచినది. మైదానపు వర్తకుడును దీనిని నేర్చినాడు. ఏలయన ఎదుటివానికి తెలియు మాట ఆడలేని వర్తకునకు ఆనాటి సరుకు దొరకదు. ఇచట మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. భాష రాకుండుట వలన కలుగు నష్టము ఎవరి నెత్తిన పడును అను ప్రశ్ననుబట్టి ఎవరు ఏ భాష నేర్తురో తేలుచున్నది. సంతలో నష్టము వర్తకునిది. కనుక వర్తకుడు నేర్చును. బడిలో బాలుని భాష ఉపాధ్యాయునకు రాకున్నను జీతమునకు లోపము లేదు. నష్టము బాలునిది, కనుక బాలుడు నేర్చుకొనవలసియున్నది. పత్రిక మాట చెప్పనేల? కొండమీద పదిమంది చదువకున్నను పత్రికాధిపతికి తెలియనైన తెలియదు.

వర్తకుడు భాష నేర్చుట దయవలన కాదనియు వెంటనే చెప్పవలసియున్నది. ఎదుటివాని మాట వచ్చినవానికి అప్పుపెట్టుటయు సులభమే. మన్యమున వడ్డీవ్యాపారము ఎంత పెరిగినదో చెప్పుటకు 1917వ సంవత్సరపు ఏజెన్సీ భూముల వడ్డీ, భూబదలాయింపు చట్టమొక్కటి చాలును. గిరిజనులనుండి సాలుకు నూటికి 24 రూపాయలకు మించిన వడ్డీ వసూలు చేయరాదనియు, ప్రభుత్వప్రతినిధి అనుమతి లేక వారి భూమి గిరిజనేతరులకు చెందరాదనియు మదరాసు ప్రభుత్వము శాసింపవలసివచ్చినది. 1959 నాటి ఒకటవ రెగ్యులేషను, దానికి 1970లో చేసిన సవరణ ఆ త్రోవలో వచ్చినవే. సంతభాషలో సమానుడైన గిరిజనుడు లెక్కలో సమానుడు కాలేకపోయెను. లెక్క నేర్పవలసినది బడి. ధర చెప్పవలసినది పత్రిక. ఆ రెండును సంతకు వచ్చినవా అనునది తరువాతి ప్రశ్న.

దానికి ముందు, మైదానమున తెలుగు బడియు తెలుగు పత్రికయు ఎట్లు పెరిగినవో ఒకసారి స్మరించుట మంచిది. మన వాఙ్మయచరిత్రలలో ఈ భాగము తరచుగా ఒకటిరెండు వాక్యములతో ముగియును. పుదూరు సీతారామశాస్త్రిగారి బాలశిక్ష 1832లో వెలువడినది. తరువాత ఎందరి చేతులలోనో పెరిగి 'పెద్దబాలశిక్ష' అయి నేటికిని అమ్ముడగుచున్నది. దానిని ఇంతకాలము నిలిపినది ఏ విద్యాశాఖయు కాదు. చవుక కాగితముమీద అచ్చువేసి సంతలలో, తిరునాళ్ళలో అమ్మిన పుస్తకవ్యాపారులు నిలిపిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. ఆ తలనొప్పి మందుపై వచ్చిన ధనముతో 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించి, 1914లో మదరాసునుండి దినపత్రికగా నడపిరి. 1924లో 'భారతి'ని, 1926లో ఆంధ్రగ్రంథమాలను ప్రారంభించిరి. మన శాఖలలో పరిశోధన చేయువారు భారతి సంపుటములు తిరుగవేయని దినమరుదు. ఆ సంపుటముల మూలధనము ఒక చిన్నసీసాలోని మందు. వాణిజ్యము విద్యను చెరచునని ఏకవాక్యముగా చెప్పువారికి ఇది చూపదగిన ఉదాహరణము.

అయితే దీని రెండవ ముఖమును చూడవలయును. పంతులుగారి ఔదార్యము నిస్సంశయము. కాని ఆ ఔదార్యము ఫలించుటకు తెలుగు చదువగలవారు లక్షలమంది ఉండవలయును. వారు కొనగలవారై యుండవలయును. పత్రికకు ప్రకటనలిచ్చువాడు పాఠకులను లెక్కించును. చదివినవారు లేనిదే ప్రకటన లేదు. ప్రకటన లేనిదే పత్రిక లేదు. పత్రిక లేనిదే చదివిన చదువు నిలువదు. మైదానమున ఈ చక్రము ఒకమారు కదలినది, తరువాత తనంతట తిరిగినది. కొండమీది భాషల విషయమున అది ఎన్నడును కదలలేదు. 2011 జనాభాలెక్కల ప్రకారము దేశము మొత్తముమీద కొండభాష మాతృభాషగా చెప్పినవారు సుమారు 60 వేలమంది. ఇందరిలో చదువనేర్చినవారెందరు, వారిలో కొనగలవారెందరు అని గణించు వ్యాపారి ఆ భాషలో ఒక పంచాంగమునైన అచ్చువేయడు. 1947 జూలైలో తెలుగు, తమిళములలో పుట్టిన 'చందమామ' 2004లో సంతాలీభాషలో వెలువడినది. గిరిజనభాషలో వ్యాపారపత్రిక అసాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది. కాని సంతాలీ మాటాడువారు 60 లక్షలకు పైబడినవారు; 2003లో చేసిన రాజ్యాంగసవరణచే ఆ భాష ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. మా కొండభాషలకు ఆ సంఖ్యయు లేదు, ఆ స్థానమును లేదు.

కువి, కొండ మొదలగు భాషలను గూర్చిన గ్రంథములు లేకపోలేదు. షుల్జె అను మిషనరీ కువి వ్యాకరణమును 1911లో మదరాసున ప్రకటించెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి కొండభాషా వ్యాకరణము 1969లో వెలువడినది. గిడుగు రామమూర్తి పంతులుగారి సవర వ్యాకరణము 1931లోను, సవర నిఘంటువు 1938లోను వచ్చినవి. ఇవి భాషను గూర్చి వ్రాసినవి, చదువరులు విశ్వవిద్యాలయములవారు. మతప్రచార పుస్తకములను మినహాయించినచో ఆ భాష మాటాడువారు చదువుకొనుటకై ఆ భాషలో వ్రాసిన పుస్తకములు మిక్కిలి తక్కువ. గిడుగువారిది ఇందులో మినహాయింపు. వారు సవరలకై తెలుగులిపిలో వాచకములు వ్రాసిరి. వానిని మదరాసు ప్రభుత్వము 1911లో ప్రచురించినది. ప్రతిఫలమీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు వారిభాషలోనే చెప్పు బడి పెట్టవలసినదని కోరిరని చెప్పుదురు. వ్యావహారికభాషోద్యమ నాయకుడుగా వారిని ఎల్లరు నెరుగుదురు. పాఠ్యపుస్తకమున బాలుని భాష ఉండవలెనను వాదము ముందు సవరపిల్లల ఎదుట పుట్టి, తరువాత తెలుగుపిల్లలకు వచ్చినదని చెప్పిన తప్పుకాదు. తెలుగు విషయమున ఆ వాదము గెలిచినది, సవర విషయమున వాచకముల కడనే ఆగినది. గెలిచిన చోట దానికి అండగా పత్రికలు నిలిచినవి, కథలు నవలలు అమ్ముడైనవి. ఆగిన చోట కొనువాడు లేడు.

ఇక 1956వ సంవత్సరమున కొంచెము నిలువవలసియున్నది. నవంబరు ఒకటవ తేదీని ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. భాషను బట్టి ఏర్పడిన రాష్ట్రములలో ఇతర భాషలవారి పిల్లలు నష్టపోకుండుటకై ఏడవ రాజ్యాంగసవరణచే 350-ఎ అధికరణము చేర్చబడినది. భాషాల్పసంఖ్యాకవర్గముల బాలురకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధి యని దాని తాత్పర్యము. ఆ యేడే విశాఖపట్టణము కేంద్రముగా నేటి గిరిజన సహకార సంస్థ స్థాపితమైనది. ఆ యేడే తూనికలు కొలతల ప్రమాణచట్టము వచ్చి కిలోగ్రామునకు దారితీసినది. రాజ్యాంగము భాషను, సహకారసంస్థ ధరను, చట్టము తూకమును దిద్దబూనినవి. పెదబయలు బాలునకు కావలసినవి ఈ మూడే. కాని మూడును మూడు శాఖల చేతులలో పడి ఒకదాని నొకటి ఎరుగకుండ నడచినవి.

తూకము మాట చూడుడు. సంతలో ధాన్యమును, పప్పును పరిమాణముచే కొలుచుట పూర్వాచారము. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అను వరుస మన పెద్దలెరిగినదే. కుంచమునకు రెండడ్డలు, అడ్డకు రెండు మానికలు. బడిలో చెప్పునది గ్రాములు, కిలోగ్రాములు. కుంచము చోళ్ళును కుంచము పిప్పళ్ళును తూకమున సమానములు కావు. ఒక వస్తువును కుంచముతో కొని వేరొకచోట తూకముతో అమ్మువాని లాభము సగము ఈ భేదమునందే యుండును. దశాంశపద్ధతి నేర్చిన పిల్లవాడు తన తల్లి సంతలో కొలిచి యిచ్చునది ఎన్ని కిలోలో లెక్కకట్టగలిగినచో ఆ చదువునకు ఆ దినమే ప్రయోజనముండును. అట్టి లెక్క చేయించుటకు ఉపాధ్యాయునకు కుంచము తెలియవలెను, సంతమాట తెలియవలెను. వాచకమున రైళ్ళను గూర్చియు నీళ్ళతొట్లను గూర్చియు లెక్కలుండును. అవియు అవసరమే. కాని సంతలెక్క వానికి తీసిపోదు.

ధర సంగతి సహకారసంస్థ చేతిలో నున్నది. 1979 నాటి రెగ్యులేషను షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీఫలసాయపు వర్తకమును ఈ సంస్థకు ప్రత్యేకించినది. సంస్థవారు కొనుగోలుధరలను ప్రకటింతురు. డిపోలద్వారా బియ్యము మొదలగు నిత్యావసరములు అమ్ముదురు. ప్రైవేటు వర్తకుని దయకు వదలుటకంటె ఇది మేలన్న మాటలో సందేహము లేదు. అయినను ప్రకటింపబడిన ధర విన్నవానికే ధర. అది వినిపించునట్టి సాధనమేది? విశాఖపట్టణపు ఆకాశవాణికేంద్రము 1963 ఆగస్టు 4న ప్రారంభమైనది. విశాఖలోనే 1974 ఆగస్టు 10న 'ఈనాడు' పుట్టినది. దాని వెనుకను, అమృతాంజనమువలెనే, వాణిజ్యమున్నది. స్థాపకుడు రామోజీరావుగారు 1962లో మార్గదర్శి చిట్ఫండు నెలకొల్పినవారు. 1989నుండి ఆ పత్రిక జిల్లాకొక అనుబంధము వేసి ఊరివార్తలను పత్రికలోనికి తెచ్చినది; ఊరి అంగళ్ళ ప్రకటనలును వానివెంట వచ్చినవి. జిల్లా అనుబంధమును బ్రతికించినవి ఆ చిన్నప్రకటనలే. అనకాపల్లి బెల్లపు ధర ఏ పూటదాపూట తెలుగు చదివినవానికి తెలిసినది. సరకు కొండది, ధరవార్త మైదానభాషలోనిది అయినచోట, నడుమ నిలిచి ఆ రెండింటిని కలుపువాడు మరల వర్తకుడే.

పాఠము, పత్రిక కలిసి వాణిజ్యమును ఎదిరించిన సందర్భము తెలుగునాట ఒకటి కలదు. నెల్లూరుజిల్లా అక్షరాస్యతోద్యమమున వయోజనుల వాచకములో సీతమ్మ కథ అను పాఠముండెను. త్రాగుబోతు భర్తలవలన చితికిన స్త్రీలు ఏకమై సారాయికొట్టు మూయించిన కథ అది. 1991, 92 ప్రాంతమున దూబగుంట స్త్రీలు పాఠమును పాఠముగా వదలక తమయూర ఆచరించిరి. పత్రికలు, ముఖ్యముగా ఈనాడు, దానిని ఊరూర చేర్చినవి. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలినది. సారావేలముల ఆదాయముపై ఆధారపడిన ప్రభుత్వము తన ఖర్చుతో అచ్చువేసిన వాచకమే ఆ ఆదాయమును కదలించినదనుట చరిత్రలో వింత. అది జరుగుటకు కారణములు పెక్కు చెప్పుదురు. మాకు ప్రధానముగా కనబడునది, పాఠములోని తెలుగు ఆ స్త్రీల తెలుగగుట, పత్రికలోని తెలుగును అదియే యగుట. అదే పాఠమును కువి మాత్రమే తెలిసిన స్త్రీ ముందుంచినచో అక్షరములు కూడబలుకుకొనుటతో ఆగిపోయెడిది.

ఈ లోటును ప్రభుత్వము గుర్తింపకపోలేదు. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషాధారిత బహుభాషావిద్య అను పేర గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అను ఎనిమిది భాషలలో ప్రాథమికవాచకములు సిద్ధమైనవి. మొదట సుమారు 240 పాఠశాలలు. లిపి తెలుగులిపి, గిడుగువారి మార్గమే. ముందు ఇంటిభాష, క్రమముగా తెలుగు, ఆపై ఇంగ్లీషు అని సోపానము. ఇందు కువి, కొండ, ఆదివాసీ ఒరియా విశాఖ మన్యమునకు చెందినవి. సంతభాషయైన ఆదివాసీ ఒరియా ఈ విధముగా బడివాకిట అడుగిడినది. దీనిని తక్కువగా ఎంచరాదు.

కాని ఆ వాచకము చదివి ముగించిన బాలుడు మరునాడేమి చదువును? తెలుగుబాలునకు బడి విడిచిన తరువాత బస్సుపేరు, గోడమీద ప్రకటన, సినిమాబొమ్మ, పొట్లము కట్టిన కాగితము, అన్నియు వాచకములే. వానిలో సగము అమ్మకముకొరకు వ్రాసినవి. అయినను అక్షరమును నిలుపునవి అవియే. కువిబాలునకు కువి అక్షరము బడిలోని ఆ నాలుగు పుస్తకములయందు తప్ప ఎక్కడను కనబడదు. పుస్తకములు పాతబడినచో ప్రభుత్వము మరల అచ్చువేయవలెను. అచ్చువేయనియెడల పోయి కొనుక్కొనుటకు అంగడి లేదు. వాణిజ్యము విద్యను చెరచుచున్నదన్న ఫిర్యాదు మనకు అలవాటైనది. వాణిజ్యము బొత్తిగా రాకుండుటయు ఒక కీడని ఈ కొండలలో తెలియుచున్నది.

ఉపాధ్యాయుని మాటయు చెప్పవలెను. షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయపదవులు నూటికి నూరును స్థానిక గిరిజనులకే చెందవలెనని 2000 జనవరి 10న ప్రభుత్వము మూడవ సంఖ్యగల ఉత్తరువు నిచ్చినది. సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము 2020 ఏప్రిల్ 22న దానిని చెల్లదని కొట్టివేసినది. సమానావకాశముల దృష్టితో కోర్టువారు చూచిరి; ఆ వాదమునకు దాని బలము దానికున్నది. అయితే పదవి ఎవరిదన్న వివాదములో, బాలుని భాష ఎరిగినవారెవరన్న ప్రశ్న వెనుకబడినది. తెగను అర్హతగా పెట్టుటకు బదులు భాషను అర్హతగా పెట్టినచో ఫలితమెట్లుండెడిదో న్యాయశాస్త్రజ్ఞులు ఆలోచింపదగును. స్థానిక గిరిజనుడైనను కోదుల పల్లెకు వచ్చిన వేరుతెగవానికి కువి వచ్చునని నియమము లేదు గదా.

ప్రచారసాధనమే బడియైన దినములును వచ్చినవి. 1975 ఆగస్టు ఒకటినుండి ఒక సంవత్సరముపాటు ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు బోధనాటెలివిజను ప్రసారములు జరిగినవి. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రయోగము నడుచుచుండగనే, 1976 జనవరి ఒకటిన దూరదర్శనమున వాణిజ్యప్రకటనలు ఆరంభమైనవి. పాఠమును సబ్బును ఒకే కిటికీగుండ రాసాగినవి. అమెరికాలో ఈ ఏర్పాటు మరింత నిర్మొగమాటముగా నడచినది. 1990లో ఆరంభమైన 'ఛానెల్ వన్' బడులకు టెలివిజనుయంత్రములను ఉచితముగా నిచ్చి, బదులుగా పిల్లలు దినమునకు 12 నిమిషముల కార్యక్రమము చూడవలెనని ఒడంబడిక చేసికొనెను. అందు రెండు నిమిషములు ప్రకటనలు. అది 2018 వరకు సాగినది. అచట యంత్రము ఉచితము, మూల్యము బాలుని చూపు.

మన రాష్ట్రమున 2020లో మహమ్మారివలన బడులు మూతపడినపుడు దూరదర్శనమున పాఠములు ప్రసారమైనవి. టెలివిజను గలవాని యిల్లు బడి యైనది, లేనివాని యిల్లు కాలేదు. 2022లో రాష్ట్రప్రభుత్వము బైజూస్ అను సంస్థతో ఒప్పందము చేసికొని, ఆ సంస్థ పాఠములు నింపిన టాబ్లెట్టులను ఆ డిసెంబరు 21నుండి ఎనిమిదవతరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు పంచినది. మొత్తము 5 లక్షలకు పైబడినవి. పాఠములు ఉచితమని ప్రకటించిరి. అంతర్జాలము లేనిచోటను పనిచేయునట్లు వానిని ముందే యంత్రములో నింపుట కొండప్రాంతములకు మేలైన యోచనయే. 2024 జూలై 16న ఆ సంస్థపై దివాలా ప్రక్రియ ఆరంభమైనది. నడుమ నిలిచి, అక్టోబరు 23న సుప్రీముకోర్టు తీర్పుతో మరల సాగినది. సంస్థ మంచిచెడ్డలు మాకు ప్రస్తుతము కావు. పాఠ్యపుస్తకము అచ్చయిన తరువాత అచ్చువేసినవాడు దివాలాతీసినను పుస్తకము అలమారలో నుండును. సంస్థ చేతిలోనుండి నిత్యము సరిదిద్దబడవలసిన పాఠము అట్లుండదు. ఉచితముగా వచ్చినదానికి ఈ యొక్క షరతు కలదని మొదట ఎవరును గట్టిగా చెప్పలేదు. మరియొక సంగతి. ఇన్ని లక్షల యంత్రములలో ఒక కువి పాఠమును చేర్చుటకు కాగితపు ఖర్చైనను లేదు. అచ్చువ్యాపారికి అరువదివేలమంది చాలకుండుట అర్థమగును. కాగితము లేనిచోటను ఆ లెక్కయే నడచినదనగా, అడ్డు ఖర్చు కాదు, కొనువాడు లేకుండుటయే.

కొండపేరు మాత్రము వాణిజ్యమున బహుదూరము పోయినది. 'అరకు' పేరుతో కాఫీదుకాణము 2017లో పారిసునగరమున తెరువబడినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళికసూచిక లభించినది. గిరిజన సహకార సంస్థయు తన తేనెను, కాఫీని 'గిరిజన్' పేర నగరములలో అమ్ముచున్నది. పండించువానికి ఈ కీర్తివలన ధర పెరిగినంతవరకు సంతోషింపదగినదే. అయితే ఆ పొట్లముపై వ్రాసినది చదువవలసినవాడు కొనువాడు, పండించినవాడు కాడు. గిరిజనుని గూర్చి చెప్పుటకు ధనమున్నది. గిరిజనునకు చెప్పుటకు లేదు. వ్యాకరణగ్రంథముల విషయమున పైన చెప్పిన భేదమే ఇచట ప్రకటనల రూపమున కనబడుచున్నది.

మన తెలుగుశాఖల కిందులో ఒక పని కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశమునకు కృష్ణమూర్తిగారు సంపాదకులై వ్యవసాయపదములతో మొదటి సంపుటమును 1962లోను, చేనేత సంపుటమును 1971లోను వెలువరించిరి. రైతు నోటినుండియు సాలెవాని నోటినుండియు పదములు ఏరుటకు వారు చూపిన పద్ధతి మన ముందున్నది. పెదబయలు, ముంచంగిపుట్టు, హుకుంపేట సంతల మాట ఆ పద్ధతిని సేకరింపదగియున్నది. కొలతల పేళ్ళు, సరకుల తరగతులు, అప్పునకు సంబంధించిన మాటలు, బేరమున తెలుగునుండి ఆదివాసీ ఒరియాలోనికి పోయినవి, కువినుండి తెలుగులోనికి వచ్చినవి, అన్నియు. ఒక్కొక్క పరిశోధకవిద్యార్థి ఒక్కొక్క సంతను తీసికొని ఒక సంవత్సరము వారము వారము పోయి కూర్చుండినచో చాలును. అట్టి పదపట్టిక నిఘంటుకారునకు ఎంత ఉపకరించునో, నాలుగవతరగతి లెక్కల పాఠము వ్రాయువానికి అంతకంటె ఎక్కువ ఉపకరించును. కుంచము పిప్పళ్ళు ఎన్ని కిలోలో ఆ పట్టికలో మొదటి పుటయందే ఉండవలెను.